వంతెన పక్క మొగలి

మా ఊరి వంతెన మీద నేను ఇంతవరకు నడవలేదు. గూడుబండిలో, ముందూ వెనకా దుప్పట్లు కట్టించుకుని దాని మీదుగా వెళ్ళి వచ్చాను, అంతే. అయినా వంతెన ఎక్కే బాట పక్కనున్న వాలులో ఏ మొక్క ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఏది బతికిందో, ఏది ఎండిపోతే దాని చోట మరొకటి పెట్టామో, ఏ దుబ్బులో ఏ పిట్ట గూడు కట్టిందో నాకు తెలుసు. ఆ వాలు మా పెరడు పక్కనే ఉంది. నా రోజులు అక్కడే గడిచాయి. ఇప్పటికీ అక్కడే గడుస్తున్నాయి.

మాది కోట అనే ఊరు దాటి తూర్పుకు వస్తే సముద్రపు గాలి తగిలే పల్లె. వరి పండించుకునే కుటుంబం. మా ఇళ్ళలో ఆడవాళ్ళకు ఘోషా ఉంది. వీధి వాకిలి మగవాళ్ళది, పెరటి వాకిలి మాది. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. పై బడి ఏటికి అవతల ఉంది. నేను పెద్దదాన్నయ్యే నాటికి వంతెన లేదు. ఉన్నా పంపేవారు కాదు. ఇంట్లో అమ్మ, నాయన, నాయనను కన్న అవ్వ, నేను. నెల్లూరులో ఉండే మేనమామ వచ్చినప్పుడల్లా పాత వారపత్రికల కట్ట ఒకటి తెచ్చేవాడు. అవి అయిపోతే గ్రామసేవకుడు నాయనకు ఇచ్చిన వ్యవసాయపు కరపత్రాలు చదివేదాన్ని. అవీ అయిపోతే ఏరు చూసేదాన్ని. చూసింది దీపం పెట్టాక రాసుకునేదాన్ని.

పెరటి తలుపు తీస్తే బావి. బావి దాటితే గడ్డివాము. అక్కడినుంచి నేల మెల్లగా దిగి ఏట్లో కలుస్తుంది. నీటి అంచున బట్టలుతికే బండలు. పడమటి పక్క మా పశువుల కొట్టం. తూర్పు పక్క, అవ్వ కాపురానికి రాకముందు నుంచీ ఉన్న మొగలి పొదలు. మనిషికి రెండింతల ఎత్తు. లోపల పగలే చీకటి. అవతలి ఒడ్డు దూరం, అక్కడ నిలబడ్డ మనిషి వేలెడంత కనిపిస్తాడు. ఈ అమరికంతా ఎవరు కుదిర్చారో గానీ, దానివల్లే మా ఇంటి ఆడవాళ్ళకు ఏరు దక్కింది. పొద్దున్నే స్నానాలు, ఎండెక్కాక బట్టలు, సాయంత్రం ఊరికే కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చోవడం. పొదల్లో జెముడుకాకులు, ముంగిసలు, ఉడుములు, పాములు అన్నీ ఉండేవి.

"పాములున్న కాడికి మగోళ్ళు రారే. మనకదే కాపలా" అనేది అవ్వ.

నాకు పదహారు దాటిన వేసవిలో వంతెన పని మొదలైంది. వంతెన కట్టేవాళ్ళకు కుదిరిన చోటు మా తూర్పు పక్కే. మొగలి పొదల్ని నరికి, వేళ్ళతో పెకలించి, ఆరబెట్టి తగలబెట్టారు. ఉడుములు పగటిపూట మా గడ్డివాము కిందికి పరుగెత్తి వచ్చాయి. పొదలున్న చోట మట్టి పోసి కట్ట లేపారు. ఆ కట్ట మీదినుంచే బాట వంతెన ఎక్కుతుంది. కట్ట తల మా బావి చప్టాకు రెండు నిలువుల ఎత్తు. దాని వాలు ఎర్రగా, బోడిగా, ఒక్క గడ్డిపోచ లేకుండా మా పెరట్లోకి జారి ఉండేది.

వంతెన తెరిచిన కొత్తల్లో ఒకరోజు అమ్మ బండ దగ్గర నీళ్ళు పోసుకుంటోంది. కట్ట మీదినుంచి ఎవరో కేకేశాడు.

"అమ్మా! కోటకు ఇదే దోవా?"

పాపం, అతను దోవ అడిగాడు, అంతే. అమ్మ గొంతుదాకా నీళ్ళలో కూర్చుండిపోయింది. అతను జవాబు కోసం కాసేపు నిలబడి, ఈమెకు చెవుడేమో అనుకుని ఇంకా గట్టిగా అడిగాడు. చివరికి అవ్వ కొట్టంలోంచి "అదేరా నాయనా, పో, పో!" అని అరిస్తే కదిలాడు. అప్పటికి గాని అమ్మ పైకి రాలేదు.

ఆ సాయంత్రమే నాయన పెరటి తలుపుకు తాళం వేశాడు.

"బావి దాటినాక అడ్డంగా గోడ పెట్టిస్తా. అప్పటిదాకా ఈ తలుపు తీసేది లేదు" అన్నాడు.

"అడ్డంగానా? మరి ఏరో?" అంది అవ్వ.

"ఏటితో మీకేం పని? నీళ్ళు బావిలో ఉండాయి గదా."

"పక్కన పెట్టించరా, కట్ట పొడుగునా."

"వాలులో గోడ యాడ నిలస్తాదే అమ్మా? మొదటి వరదకే పోతాది. అడ్డంగా పెడితేనే నిలస్తాది."

నాయన కోపంగా అనలేదు. ఆయన కోపంగా అని ఉంటే అవ్వ తిరిగి అరిచేది, గొడవ జరిగేది, ఏదో ఒకటి తేలేది. ఆయన లెక్క తేల్చినట్టు చెప్పాడు. పంట నూర్చాక గోడ కట్టే బేల్దారిని పిలిపిస్తానన్నాడు.

తాళం వేసిన ఆ నెలలు నాకు బాగా గుర్తు. పనిమనిషి వీధివైపు నుంచి తిరిగి పెరట్లోకి వెళ్ళి నీళ్ళు తోడి, మళ్ళీ తిరిగి తెచ్చేది. మేం నడవ నుంచి వంటింటికి, వంటింటి నుంచి నడవకు తిరిగేవాళ్ళం. ఇల్లు చిన్నదేం కాదు. కానీ ఎటు నడిచినా గోడ దగ్గర ఆగాలి. పెరటి తలుపు చెక్కల మధ్య సన్నని సందు ఉండేది. దానికి కన్ను ఆనిస్తే గడ్డివాము, దాని మీద ఒక ముక్క ఆకాశం. ఏరు కనిపించేది కాదు, వినిపించేది. అమ్మ ఆ సందు వైపు వెళ్ళేదే కాదు. నేను మాత్రం పనులయ్యాక అక్కడే నేల మీద కూర్చుని చదువుకునేదాన్ని.

కార్తీకంలో తుఫాను వాన పట్టింది. తెరిపివ్వకుండా కురిసి కట్ట వాలును కోసేసింది. మట్టి మా పెరట్లోకి, ఏట్లోకి జారింది. బాట అంచు విరిగింది. వాన వెలిశాక వంతెన పని చూసే ఓవర్సియరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ తడిసిన చెప్పులతో ఉండేవాడు. వసారాలో నాయనతో మాట్లాడుతుంటే అవ్వ, అమ్మ, నేను నడవ తలుపు వెనక నిలబడ్డాం.

"కట్ట నిలవాలంటే వేళ్ళు కావాలండీ. మట్టిని పట్టుకునేది వేళ్ళే" అన్నాడతను. "వాలు అడుగు మీ నేలలోకి వస్తోంది. మీరు ఒప్పుకుంటే మొక్కలు వేయిస్తాను. పైన బాట అంచున వరసగా నిద్రగన్నేరు, వాలంతా సరుగుడు. చూడ్డానికీ బాగుంటుంది."

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులు బండి తెర సందులోంచి ఎన్నోసార్లు చూశాను. ఆ చెట్ల కింద గడ్డి కూడా మొలవదు. మొదళ్ళ మధ్యనుంచి తోపు అవతలి మనిషి కనిపిస్తాడు. నేను అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "సరుగుడు వద్దను. మొగలి పెట్టమను. మొగలి వేరు మట్టిని వదలదు. ఏటికి ఉప్పునీళ్ళెక్కినా చావదు. కట్ట మీదినుంచి మరుగు కూడా."

అవ్వకు నెమ్మదిగా చెప్పడం చేతకాదు. తలుపు వెనకనుంచే గొంతెత్తింది.

"ఓవర్సియరయ్యా! సరుగుడు నీ ఇంట్లో పెట్టుకో. మాకు మొగలి కావాల. నువ్వు పీకేసిందదే గదా, మళ్ళీ నువ్వే పెట్టు!"

వసారాలో ఓవర్సియరు నవ్వాడు. "అమ్మగారు చెప్పింది నిజమేనండీ. మొగలి అయితే రాయి పేర్చినట్టే. కానీ పాములు చేరతాయని జనం అంటారేమో."

"చేరనియ్యి. పామైనా దోవ అడగదు" అంది అవ్వ.

నాయన కూడా నవ్వేశాడు. ఆ నవ్వులోనే మా సంగతి కుదిరింది. కుదిరిందంటే, ఒక షరతు మీద. మొక్కలు పెరిగేదాకా బావి చుట్టూ తాటాకు దడి కట్టిస్తాడు, బావి వరకు తలుపు తీసుకోవచ్చు. ఏటికి మాత్రం వెళ్ళకూడదు. పెరిగాక కట్ట మీదినుంచీ వంతెన మీదినుంచీ చూస్తే బండ దగ్గరి మనిషి కనపడకపోతే ఏరు మాదే. కనపడితే గోడే.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను బతికినట్టు ఎప్పుడూ బతకలేదనిపిస్తుంది. బావి దడి వెనక నిలబడి వాలును చదివాను. చూపు ఎక్కడినుంచి బయలుదేరుతుందో, ఎక్కడ వాలుతుందో తెలిస్తేగాని చెట్టు ఎక్కడుండాలో తెలియదు. నడివయసు పాలేరు ఒకతను మా ఇంట్లో ఉండేవాడు. అతనిచేత బండల మధ్య ఒక కర్ర పాతించి, దానికి అవ్వ పాత ఎర్రచీర చింపి కట్టించాం. తర్వాత అతను బాట మీదికెక్కి, వంతెన మీద నడుస్తూ అరవాలి. నేను అవ్వకు చెబితే, అవ్వ అతనికి అరిచేది.

"ఇప్పుడో?"

"కనపడతా ఉందవ్వా!"

"ఇంకా ముందుకు పో. ఇప్పుడో?"

"ఇంకా బాగా కనపడతా ఉంది!"

"నీ కళ్ళు మండ! యాడ నిలబడుండావు?"

"వంతెన రెండో కానా కమాను మీద! ఈడనుంచి చూస్తే నువ్వు కూడా కనపడతా ఉండావు, నోట్లో వక్కాకుతో సహా!"

అలా తెలిసింది. కట్ట మీది చూపు పైనుంచి దిగుతుంది, దాన్ని వాలు మధ్యలో మొగలి ఆపాలి. బాట మలుపు దగ్గర చూపు ఇంకా ఎత్తునుంచి వస్తుంది. అక్కడ కొమ్మలు వాలే గానుగ ఉండాలి, నిద్రగన్నేరు చాలదు. వంతెన మీదినుంచి వచ్చే చూపు నీటి మీదుగా, పక్కనుంచి వస్తుంది; దానికి నీటి అంచున మనిషెత్తు జమ్ము కావాలి. మొగలికీ జమ్ముకూ మధ్య తుంగ, వావిలి. చివర ఒక ఈతచెట్టు. అది మరుగుకు కాదు, గిజిగాళ్ళ కోసం. ఈతచెట్టు ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. ఎవరూ అడగలేదు.

బారుగా వరసలు వేస్తే సందులు ఉండిపోతాయని నా బెంగ. దాన్ని ఓవర్సియరుకు చెప్పేదెలా? బావి చప్టా మీద ముగ్గు వేసి అవ్వకు చూపించాను. రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా పై వరస చుక్క. అవ్వ మర్నాడు తలుపు వెనకనుంచి చెప్పింది: "అయ్యా, బారు చుక్క వద్దు. సందు చుక్క ముగ్గేసినట్టు నాటించు."

"సందు చుక్కా?" అన్నాడతను. "మా ఇంట్లో ఆడవాళ్ళు వేస్తారు, చూశాను. అలాగేనండీ" అన్నాడు. పోతూ పోతూ నాయనను అడిగాడు. "మొగలిలో పూచేది వేరు, కాచేది వేరు కదండీ. కాచేదానికి పువ్వుండదు, దాన్ని దడికి వాడతారు. ఏది తెప్పించమంటారు?"

"అది ఆడోళ్ళ మాట. వాళ్ళనే అడుగు."

అతను అడగనేలేదు. తలుపు వెనకనుంచి ముగ్గురమూ ఒక్కసారే అన్నాం.

"పూచేదే!"

అమ్మ కూడా అంది. తాళం పడ్డాక అమ్మ గొంతు వసారాదాకా వినిపించడం అదే మొదలు. నాకు సిగ్గేసి లోపలికి పరుగెత్తాను. పూయని మొగలిని కోరుకుని తెచ్చుకునే ఆడవాళ్ళు మా వైపు ఎవరున్నారు? జడలో రేకులు, పెట్టెలో చీరల మధ్య రేకులు. పాత పొదలతోపాటు అదీ పోయిందని ముగ్గురం లోలోపల ఏడుస్తున్నవాళ్ళమే.

సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల్లో బాగా పూసే దుబ్బుల్ని వెతికి, పాలేరు బండి నిండా కొమ్మలు నరుక్కొచ్చాడు. నాటారు. మేకలు తినకుండా తుమ్మకంప పరిచారు. మొదటి వేసవిలో ఏరు ఉప్పెక్కింది. మొగలి తట్టుకుంది గానీ గానుగలు వాడిపోయాయి. పాలేరు బావినుంచి కావడితో నీళ్ళు మోసి పోశాడు. నేను దడి సందులోంచి చూస్తూ ఏది వాడిందో చెప్పేదాన్ని. కట్ట మీద జనం పోతూ పోతూ, "ఈ ముళ్ళకంప ఎందుకు పెంచతా ఉండారబ్బా, నాలుగు మామిడి మొక్కలేసుకుంటే పోయేదానికి" అనుకునేవాళ్ళు. వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. బాట అంచున మట్టి కరిగినచోట వాళ్ళ పాదాలు మాత్రం కనిపించేవి. పగిలిన మడమలు, సైకిలు చక్రాలు, ఎద్దుల గిట్టలు, అవతలి బడికి వెళ్ళే పంతులుగారి తోలుచెప్పులు. ఆ చెప్పులు పొద్దున అటు, సాయంత్రం ఇటు. నేను ఇక్కడ.

వాలు నిండడానికి ఏళ్ళు పట్టింది. నిండడం మాత్రం ఒక్కసారిగా జరిగినట్టు అనిపించింది. ఒక వానాకాలం తర్వాత చూస్తే ఎర్రమట్టి ఎక్కడా లేదు. మొగలి ఊడలు నేలలో దిగాయి. తుంగలో నీటికోడి పిల్లలతో తిరిగింది. జెముడుకాకి ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. దాని బరువైన గొంతు పొదలోంచి వినగానే అవ్వ కళ్ళు తుడుచుకుంది. ఈతచెట్టు ఇంకా పొట్టిదే. గిజిగాళ్ళు రాలేదు. వస్తాయని రోజూ చూసేదాన్ని.

నాయన మాట ప్రకారం పరీక్ష పెట్టాడు. ఈసారి ఎర్రగుడ్డ కట్టించి ఆయనే స్వయంగా కట్ట మీదికెళ్ళాడు. మలుపు దగ్గర ఆగాడు. వంతెన మీద ఆ చివరదాకా నడిచి తిరిగి వచ్చాడు. ఇంట్లోకి వచ్చి చొక్కా విప్పి, మంచినీళ్ళు తాగి, మొలతాడుకున్న తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "కనపళ్ళేదు" అన్నాడు. అంతే. అమ్మ ఆ సాయంత్రం చీకటి పడేదాకా నీళ్ళలోనే ఉంది.

ఆ ఏడే పెదనాన్నగారింట పెళ్ళికి కోట వెళ్ళాం. బండి వంతెన ఎక్కుతుంటే దుప్పటి అంచు రెండు వేళ్ళతో జరిపాను. పైనుంచి మా వాలు కనిపించింది. పచ్చగా, ఒత్తుగా, ఒక ఆకు మీద ఇంకో ఆకు, చివర నీళ్ళలో జమ్ము గాలికి వంగి లేస్తోంది. నేను లోపలినుంచి చూసే పొదకూ దీనికీ పోలికే లేదు. దాని వెనక బావి ఉందనిగానీ, బండలున్నాయనిగానీ ఎవరూ అనుకోరు. ఇంకా చూడాలనుకుంటుండగా అమ్మ నా చేతి మీద కొట్టింది.

"ఏందే ఆ చూపు? ఎవురన్నా చూస్తే?"

"ఎవురూ చూళ్ళేదమ్మా."

"నువ్వు చూస్తా ఉండావు గదా, అది చాలు."

దుప్పటి దించేశాను. ఆ తర్వాత కోటదాకా గడ్డి వాసన, ఎద్దుల మెడగంటల మోత.

మరుసటి శ్రావణంలో మొగలి పూసింది. మొదటి పువ్వును అవ్వ కోసింది. ఏటి వైపు దుబ్బులో, లేతాకుల నడుమ, వెన్నరంగులో పొడుగ్గా ఉంది. అవ్వ ఒక రేకు అమ్మ జడలో, ఒకటి నా జడలో, ఒకటి తన తెల్లటి ముడిలో పెట్టింది. ఇల్లంతా వాసన. ఆ వారం రోజులు మేం ముగ్గురమూ చిన్నపిల్లల్లా ఉన్నాం. రోజూ పొద్దున్నే ఏది విచ్చిందో చూడ్డానికి పోటీ పడేవాళ్ళం.

ఆ వాసన మా పెరట్లో ఆగుతుందని ఎందుకనుకున్నామో తెలియదు. గాలి ఏటి మీదినుంచి కట్ట మీదికి వీస్తుంది. బాట మీద పాదాలు ఆగడం మొదలుపెట్టాయి. "మొగలి రా, యాడనో" అనే గొంతులు. సంతకు పూలు తీసుకెళ్ళేవాళ్ళు పొడుగాటి దోట్లు తెచ్చుకున్నారు, కొడవలి కట్టిన వెదురు కర్రలు. మొదట బాట మీదినుంచే లాగారు. అందినవి అయిపోయాక వాలులోకి దిగారు.

ఒక పొద్దున అమ్మ బండ మీద తల ఆరబెట్టుకుంటోంది. పొద నడిమధ్యలోంచి మగ గొంతు వినిపించింది.

"అబ్బా, ముల్లు గుచ్చుకునింది! అన్నా, కిందవైపు ఇంకా ఉండాయి, ఏటి పక్కకు రా!"

అమ్మ కేక వేయలేదు. తడిచీరతో ఇంట్లోకి వచ్చి గదిలో పడుకుంది. పొదలో ఉన్నవాళ్ళు ఆమెను చూశారో లేదో మాకు తెలియదు. పాలేరు కర్ర తీసుకుని దిగితే, ఇద్దరు మనుషులు పూలు చంకన పెట్టుకుని కట్ట ఎక్కి పారిపోయారు. "ఏట్లో చెట్టుకు యజమానులేంది!" అని పైనుంచి తిట్టారు కూడా.

నాయన మధ్యాహ్నానికల్లా తాళం వేశాడు. మర్నాడు ఇటుకల బండ్లు వచ్చాయి. బేల్దారి వచ్చి బావి అవతల మేకులు కొట్టి అడ్డంగా దారం కట్టాడు. తలుపు సందులోంచి చూశాను. ఆ దారం ఎంత సన్నగా ఉందో, దాని అవతల ఏరు అంత దూరమైపోయింది. అవ్వ నాయనతో అరిచింది, ఏడ్చింది. "పూచేది కావాలన్నది మీరే గదే అమ్మా!" అన్నాడాయన. కాచేదాన్ని తెచ్చి మళ్ళీ నాటితే నిండేసరికి మళ్ళీ ఏళ్ళు. అప్పటికి గోడ ఉంటుంది, గోడ పెట్టాక ఎవరూ తీయరు.

నేను నాయనకు ఎదురుగా నిలబడి మాట్లాడిన గుర్తు లేదు. ఏం కావాలన్నా అవ్వకు చెప్పేదాన్ని. ఆ రోజు అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్న ఆయన దగ్గరికి చెంబు నేనే తీసుకెళ్ళాను.

"నాయనా."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

"వాళ్ళు పూల కోసం గదా వచ్చేది. పూలు లేకుంటే రారు."

"చెట్టు పూయకుండా ఎట్ట ఉంటాదమ్మణ్ణీ?"

"మొగ్గలోనే కోసేస్తాను. వాసన పుట్టక ముందే. నేనే కోస్తాను, రోజూ. ఒక్కటి కూడా విచ్చనియ్యను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన చెయ్యి తుడుచుకుంటూ నా చేతుల వైపు చూశాడు.

"ముళ్ళు గదమ్మా" అన్నాడు.

"తెలుసు నాయనా."

"ఇటుకలు ఈడనే ఉంటాయి. పొదలో మళ్ళీ మగోడి గొంతు వినపడిందంటే, ఇక నన్నెవురూ అడగొద్దు."

బేల్దారి దారం చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మొగలి మొగ్గ బయటికి కనిపించదు. కొమ్మ కొసన లేతాకుల మువ్వలో దాక్కుని ఉంటుంది. లోపలి ఆకుల కొసలు కొంచెం పాలిపోతాయి, అదొక్కటే గుర్తు. ఆ పాలిపోయిన ఆకులు ఇంకా తెల్లబడకముందే కొయ్యాలి. ఆకు అంచున రంపంలా ముళ్ళు, వెనక ఈనె మీద ఇంకో వరస. చెయ్యి లోపలికి పోనిచ్చేటప్పుడు ఏమీ కాదు, తీసేటప్పుడు పట్టుకుంటాయి. మొదట్లో చేతులకు పాత గుడ్డలు చుట్టుకున్నాను. గుడ్డతో ఏది మొగ్గో తెలియదు. విప్పేశాను. అవ్వ ఒక్కరోజు నాతో వచ్చి, కోసిన లేతమొగ్గను చేతిలో పెట్టుకుని, "పాపం తగులుతాదే" అని మళ్ళీ రాలేదు. అమ్మ ఏటి దగ్గర ఉన్నప్పుడు నావైపు చూడదు. కోసినవాటిని ఏట్లో వేస్తే తేలిపోయి ఎవరి కంటనైనా పడతాయి. అందుకని కొట్టం వెనక పేడగుంటలో పాతిపెడతాను.

"మన పెంటదిబ్బకు వచ్చినంత వాసన ఊళ్ళో ఏ పెండ్లికూతురికీ రాదమ్మణ్ణీ" అన్నాడు పాలేరు ఒకసారి. నవ్వొచ్చింది. అతనికి అంతా తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

అలా ఈ శ్రావణంతో ఇంకో ఏడు తిరిగింది. మేనమామ వేసవిలో వచ్చి, నెల్లూరు వచ్చి కొన్నాళ్ళు ఉండమన్నాడు. వాళ్ళింటి పక్కనే పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టుంది, ఒక టీచరమ్మ ఇంటికే వచ్చి మెట్రిక్ పాఠాలు చెబుతుంది. వింతగా, నాయన ఒప్పుకున్నాడు. "ఆషాఢం నుంచి పంపుతా, పోయిరానీ" అన్నాడు. ఆయనకు మొగ్గల సంగతి గుర్తులేదో, ఉండే అన్నాడో. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మొగ్గలు. అమ్మ చూపు ముళ్ళ దగ్గర ఆనదు. అవ్వ కొయ్యదు. పాలేరుకు కట్ట మీదినుంచి కనపడకుండా పొదలో దూరడం చేతకాదు. నేను వెళ్ళనని చెప్పాను. ఎందుకని మేనమామ అడిగితే తల వంచుకుని ఊరుకున్నాను. సిగ్గనుకున్నాడు.

నిన్న పొదలో ఉండగా పైన బాట మీద పాదాలు ఆగాయి. దోటి మొదలు నేలకు ఆనించిన చప్పుడు.

"ఈ పొద గొడ్డుపోయిందిరా. అప్పుడు ఎంత పూసింది!"

"పురుగు పట్టుంటాది. పద, దిబ్బల కాడికి పోదాం."

పాదాలు వంతెన ఎక్కి వెళ్ళిపోయాయి. నాకు సంతోషమేసింది. ఎంత సంతోషమంటే, అది దేనికోసమో తెలిసి కాసేపు కత్తి కింద పెట్టి కూర్చున్నాను. జెముడుకాకి దగ్గర్లోనే నడుస్తోంది, నన్ను లెక్క చెయ్యలేదు.

ఈ పొద్దున జమ్ము పక్కనున్న దుబ్బులో ఒక మొగ్గ నా కన్ను తప్పించుకుని విచ్చింది. వాసన నన్ను పెరటి తలుపు దగ్గరే పట్టుకుంది. వెతికి పట్టుకునేసరికి తెల్లటి రేకులు పూర్తిగా తెరుచుకుని, లోపల పుప్పొడి పసుపుపచ్చగా ఉంది. ఎన్నాళ్ళకు చూశాను! ముఖం దగ్గర పెట్టుకోలేదు. కోసి, కొంగులో చుట్టి, పేడగుంటలో లోతుగా పెట్టి కప్పాను. చేతులు సున్నిపిండితో రుద్దుకున్నాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ బండ మీద కూర్చుని, తల వెనక్కి వేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది. కళ్ళు మూసుకుని ఉంది. కట్ట మీద మెల్లగా ఒక బండి వస్తోంది. దాని వెనక ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. గాలి ఇంకా ఏటి మీదినుంచే వీస్తోంది. నేను పొద మొదట్లో కూర్చున్నాను. మలుపు దగ్గర బండి ఒక్క క్షణం ఆగింది. ఎద్దు గంట కదిలింది. మళ్ళీ చక్రాలు వంతెన మీదికి ఎక్కాయి.

ఎవరూ దిగలేదు.